కొత్త గుడ్డ కొనకండి, ఇంట్లో మిగిలిన ముక్కలే పంపండి

తల్లిదండ్రులకు నమస్కారం.

వార్షికోత్సవం అయిపోయినా దాని సరంజామా ఇంకా మన క్రాఫ్ట్ గదిలోనే ఉంది. డాన్సు డ్రెస్సుల్లో మిగిలిన సాటిన్, జరీ లేసు, చెమ్కీలు, గుండీలు, స్టేజి పరదాలకు తెచ్చిన నూలు గుడ్డ. బీరువా తలుపు పడటం లేదు. అటు లైబ్రరీలో ఒకటి, రెండు తరగతుల పిల్లలేమో ఉత్త చాప మీద కూర్చుని బొమ్మల పుస్తకాలు చూస్తున్నారు. అందుకే 7వ తరగతి వాళ్ళకు ఒక పని అప్పజెప్పాం. చిన్నపిల్లలు కూర్చోవడానికి అతుకుల దిండ్లు కుట్టాలి.

ఇది మీకు తెలియని విద్యేం కాదు. పాత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టిన చేతులు చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నాయి. దిండు అంతకంటే చిన్న పని. కొలత మాత్రం పక్కాగా ఉండాలి.

ఒక్కో దిండుకు 14 సెంటీమీటర్ల చదరపు ముక్కలు తొమ్మిది కావాలి. ప్రతి అంచునా ఒక సెంటీమీటరు కుట్టులోకి పోతే పైకి కనపడేది 12. మూడు ముక్కల వరుసలు మూడు కలిపితే 36 సెంటీమీటర్ల దిండు. ఒక బాబు సరిగ్గా 12 కొలిచి కత్తిరించాడు. అతికాక స్కేలు పెడితే 10 వచ్చింది. "రెండు సెంటీమీటర్లు ఏమైపోయాయి మేడం?" అని గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. లెక్కల మాస్టారికి ఇంకేం కావాలి, ఆ రోజు క్లాసు అక్కడే జరిగింది.

అతుకులు కలిసే చోట ఒక కిటుకు ఉంది. మొదటి వరుసలో కుట్టు మడతలన్నీ ఎడమకు, రెండో వరుసలో కుడికి, మూడో వరుసలో మళ్ళీ ఎడమకు తిప్పి ఇస్త్రీ చెయ్యాలి. అప్పుడు వరుసలు కలిపేటప్పుడు మడతలు ఎదురెదురుగా ఆనుకుని కూర్చుంటాయి, మూలలు పక్కకి జరగవు. వెనక జిప్పు పెట్టడం లేదు. రెండు గుడ్డలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా వేస్తే చాలు, గలీబు తీసి ఉతుక్కోవచ్చు.

పెడనలో ఉండి గుడ్డకు వెతుక్కోవడమా? కలంకారీ పనిచేసే కొందరు తల్లిదండ్రులు అచ్చు పక్కకు జరిగిపోయిన ముక్కలు పంపించారు, వారికి కృతజ్ఞతలు. అమ్మకానికి పనికిరాని ఆ ముక్కల కోసమే పిల్లలు ఎగబడ్డారు. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్ళతో నలుపు వస్తుందని, దానికి ముందు గుడ్డను కరక్కాయలో ముంచాలని, పటికతో అచ్చు వేసిన చోట ఉడికించాకే ఎరుపు తేలుతుందని ఒక పాప క్లాసు మొత్తానికి వివరించింది. మా సైన్సు టీచరు కూడా నోట్సు రాసుకున్నారు. 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిపనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మనకు ఆ పనివాళ్ళు పక్క వీధిలోనే ఉన్నారు.

మీరు పంపే ముక్కలు నూలువైతే మంచిది. నూలు ఉతికితే ముడుచుకుంటుంది, పాలిస్టర్ ముడుచుకోదు. రెండూ పక్కపక్కన కుడితే మొదటి ఉతుకుకే దిండు ముడతలు పడుతుంది. ముదురు రంగు గుడ్డలు ఒకసారి నానబెట్టి, రంగు దిగుతోందేమో చూసి పంపండి. చెమ్కీలు చెంపకు గీసుకుంటాయి కాబట్టి వాడటం లేదు. బూరుగు దూది క్లాసులో విప్పితే గదంతా ఎగిరి తుమ్ములే తుమ్ములు. అందుకే అది వద్దనుకున్నాం, పాత దిండ్లలో దూది, చిన్న పీలికలు కలిపి కూరుతున్నాం.

"మగపిల్లాడికి సూదెందుకండీ?" అని ఒకరిద్దరు అడిగారు. మన బజారులో టైలర్ షాపుల్లో మిషను తొక్కుతున్నది ఎవరో ఒకసారి చూసి రండి.

ఇంకొక్క మాట. దయచేసి ఇంటికి తెచ్చిన కుట్టు మీరు పూర్తి చేయకండి, టైలరుకు ఇవ్వకండి. పదకొండేళ్ళ చేతి కుట్టు ఎలా ఉంటుందో మాకు తెలుసు. వంకర టింకర కుట్టుకు మార్కులు తగ్గించం. ఊడిపోతే విప్పి మళ్ళీ కుట్టిస్తాం, అంతే. మార్కుల టెన్షన్ అసలు పెట్టుకోవద్దు.

బొంత కుట్టడం వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు శనివారం మధ్యాహ్నం బడికి వచ్చి పిల్లల పక్కన కూర్చుంటే చాలా సంతోషం. కుర్చీలు వేయిస్తాం, టీ మా వంతు. గుడ్డముక్కలు సంచిలో వేసి, పేరు, సెక్షన్ రాసి శుక్రవారంలోగా పంపండి. సూదులు, కత్తెరలు మాత్రం పంపకండి. అవి బడిలోనే లెక్కపెట్టి ఇస్తున్నాం, లెక్కపెట్టి తీసుకుంటున్నాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు