స్విచ్ వేసే ముందు ఇది చదువు

చిన్నా,

రాత్రి పదకొండు దాటాక "నేను చెప్పేదాకా స్విచ్ వేయకు" అని మెసేజ్ పెట్టానని విసుక్కునే ఉంటావు. దానికి కారణం ఉంది, కిందకి వచ్చేసరికి చెబుతాను. ఫోన్‌లో చెబుదామంటే సగం విని "సరేలే అమ్మా" అంటావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దీన్ని పక్కన తెరిచి పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకో.

ముందు నీతో నాకో పేచీ ఉంది. "కంప్యూటర్‌లో వేసిన కొత్త గ్రాఫిక్స్ కార్డు పోయిందమ్మా, డెడ్ పీస్ పంపారు" అన్నావు. మీ నాన్న కూడా వెంటనే "రిటర్న్ పెట్టేయ్" అన్నారు, ఆయనకి ఏ వస్తువైనా అరగంటలో పనిచేయకపోతే రిటర్నే. అసలు కార్డు పోయిందని మీ ఇద్దరికీ ఎవరు చెప్పారు? తెర మీద బొమ్మ రాలేదు, మనకి తెలిసింది అంతే. స్విచ్ వేశాక మదర్‌బోర్డ్ లేవాలి, ర్యామ్ చూసుకోవాలి, స్లాట్‌లో కార్డు ఉందని గుర్తుపట్టాలి, కార్డుకి కరెంటు సరిపడా అందాలి, ఆ తర్వాత బొమ్మ కేబుల్ దాటి మానిటర్‌లోకి రావాలి, ఇందులో ఎక్కడ తెగినా నీకు కనబడేది అదే నల్ల తెర. నేను సర్వీసింగ్ పనిలో ఉన్న రోజుల్లో "కొత్త కార్డు, డిస్‌ప్లే లేదు" అంటూ వచ్చినవాటిలో నిజంగా కార్డే పోయినవి చాలా తక్కువ. మిగతావాటి కారణం చెబితే తెచ్చినవాళ్ళు తల గోక్కునేవాళ్ళు.

ఇంకోటి. ఒక్క సాయంత్రంలో కార్డు మార్చావు, అన్నిటికీ కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ పెట్టె మార్చావు, పనిలో పనిగా ఇంకో ర్యామ్ స్టిక్ కూడా వేశావు. ఇప్పుడు ఈ మూడింట్లో ఏది అలిగిందో ఎలా తెలుస్తుంది? ఆ కొత్త ర్యామ్ తీసి పక్కన పెట్టు, పాతది ఒక్కటే ఉంచు. కార్డు సంగతి తేలాక దాని సంగతి చూద్దాం.

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టావు, ఆ మాత్రం గుర్తుంచుకున్నందుకు సంతోషం. చాలామంది పాత అలవాటు కొద్దీ తీసుకెళ్ళి యూఎస్‌బీ పోర్టుల పక్కన మదర్‌బోర్డ్‌కి ఉండే హెచ్‌డీఎంఐలో గుచ్చేస్తారు. కార్డు పెట్టగానే చాలా బోర్డులు తమ సొంత డిస్‌ప్లేని ఆపేస్తాయి, ఇక అక్కడ ఎంతసేపు చూసినా ఏమీ రాదు. పైగా నీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది, అంటే దానికి సొంత గ్రాఫిక్స్ అసలే లేవు, బోర్డు మీది పోర్టు నీకు అలంకారం కిందే లెక్క.

ఆ ఫోటోలోనే నాకు ఇంకో విషయం కనిపించింది. కార్డు వెనక ఇనుప పట్టీ చూడు. పైన స్క్రూ బిగించావు కానీ, కింది కొస క్యాబినెట్ గోడకీ మదర్‌బోర్డ్‌కీ మధ్య ఉండే సందులోకి దిగలేదు, గోడని తన్నుకుని ఆగిపోయింది. దాంతో ఆ వైపు కార్డు కాస్త పైకి లేచి కూర్చుంది. టార్చ్ వేసి పక్క నుంచి చూస్తే స్లాట్ పైన బంగారు రంగు పళ్ళు సన్నటి గీతలా కనబడతాయి, గోరు మందం కూడా ఉండదు. ఆ కాస్త చాలు బోర్డుకి కార్డు కనబడకపోవడానికి. ఫ్యాన్లు మాత్రం తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, వాటిని చూసి మనం అంతా బాగానే ఉందనుకుంటాం.

ప్లగ్ పూర్తిగా పీకి, పవర్ బటన్‌ని ఓ పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో ముట్టుకో, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. కార్డుకి వచ్చే పవర్ కేబుల్ తీసి, స్క్రూ విప్పి, స్లాట్ చివర ఉండే చిన్న లాక్‌ని నొక్కి అప్పుడు కార్డు పైకి లాగు. లాక్ నొక్కకుండా లాగావో, స్లాట్ కూడా దాంతోపాటే వస్తుంది. పళ్ళ మీద పారదర్శకంగా ప్లాస్టిక్ తొడుగు ఏమైనా ఉందేమో చూడు, కొన్నిటికి ప్యాకింగ్‌లో అలా వస్తుంది, కళ్ళకి ఆనదు. మళ్ళీ పెట్టేటప్పుడు ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న పొడుగు స్లాట్‌లోనే పెట్టి, ముందు ఆ పట్టీ కొసని సందులోకి దింపి, తర్వాత రెండు చివర్లా సమానంగా నొక్కు. టక్‌మని లాక్ పడిన చప్పుడు వినాలి. స్క్రూ బిగిస్తున్నంతసేపూ ఇంకో చేత్తో కార్డుని కిందికి ఆనించి పట్టుకో.

మానిటర్ సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. దాని లైటు నారింజ రంగులో ఉంటే సాధారణంగా సిగ్నల్ రావట్లేదని అర్థం. మెనూలోకి వెళ్ళి ఇన్‌పుట్ ఏది ఎంచుకుని ఉందో చూడు, డిస్‌ప్లేపోర్ట్‌లో (హెచ్‌డీఎంఐ లాంటిదే ఇంకో రకం వీడియో పోర్టు) కేబుల్ పెట్టి హెచ్‌డీఎంఐ మీద ఉంచితే అది పొద్దుగూకే దాకా వెతుకుతూనే ఉంటుంది. ఒకసారి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కూడా ప్రయత్నించు. డిస్‌ప్లేపోర్ట్ ద్వారా బూట్ అయ్యేటప్పుడు తెర నల్లగా ఉండిపోయే సమస్య కొన్ని కార్డులకి నిజంగానే ఉండేది, మాక్స్‌వెల్, పాస్కల్ తరాల కార్డుల కోసం ఎన్విడియా వాళ్ళే దానికి ఫర్మ్‌వేర్ (కార్డు లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చారు.

ఇప్పుడు కరెంటు సంగతికి వద్దాం, రాత్రి మెసేజ్ పెట్టింది దీని గురించే. స్లాట్ నుంచి కార్డుకి అందేది ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు. అంతకు మించి కావాలంటే ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా కేబుల్ రావాలి, 6 పిన్‌ల ప్లగ్ ఇంకో 75 ఇస్తుంది, 8 పిన్‌లది 150 ఇస్తుంది. కార్డు మీద ఎన్ని సాకెట్లు ఉన్నాయో అన్నీ నిండాలి, "ఒకటి పెట్టాను, రెండోది తర్వాత చూద్దాం" అంటే అది లేవదు. నీ కార్డుకి కొత్త రకం 16 పిన్‌ల సాకెట్ ఉంటే ప్లగ్ చివరంటా దిగాలి, మధ్యలో వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు, ప్లగ్ మొదట్లోనే కేబుల్‌ని మడవకు. ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్‌ల ప్లగ్ కూడా చూడ్డానికి ఇలాంటిదే, కానీ దాని గళ్ళ ఆకారం వేరు, కార్డులోకి సులువుగా దూరదు. దూరట్లేదంటే బలవంతం చేయకు, వేరే కేబుల్ వెతుకు.

రాత్రి మాటల మధ్యలో నువ్వొక మాట అన్నావు, "కొత్త కేబుళ్ళు బిరుసుగా ఉన్నాయి, వంగట్లేదు" అని. ఫోన్ పెట్టేశాక ఆ మాట గుర్తొచ్చి నాకు గుండె ఝల్లుమంది. కొత్త ఎస్ఎంపీఎస్‌కి పాతదాని కేబుళ్ళు పెట్టలేదు కదా? కార్డు వైపు, డిస్క్ వైపు ప్లగ్‌లు అందరివీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు మాత్రం ఏ తీగ ఏ పిన్‌లోకి వెళ్ళాలో కంపెనీ కంపెనీకీ మారుతుంది, ఒక్కోసారి ఒకే కంపెనీ మోడళ్ళకీ మారుతుంది. ప్లగ్ చక్కగా దూరుతుంది, అదే దానితో వచ్చిన చిక్కు. 5 వోల్టులు పోవాల్సిన తీగలో 12 పోతాయి.

నాకెలా తెలుసంటావా? నీకు రెండేళ్ళప్పుడు ఇంట్లో సిస్టమ్‌కి ఎస్ఎంపీఎస్ మార్చాను. లోపల వరసగా జిప్ టైలు కట్టి సర్దిన పాత కేబుళ్ళు విప్పడానికి బద్ధకమేసి, ఆ ఎస్ఎంపీఎస్ పెట్టెని మాత్రం తీసేసి, ఆ కేబుళ్ళనే కొత్తదానికి గుచ్చి స్విచ్ వేశాను. టప్‌మని చిన్న చప్పుడు, కాలిన వాసన, అంతే, హార్డ్ డిస్క్ పోయింది. నువ్వు బోసినోటితో నవ్వే ఫోటోలు, మొదటిసారి నడిచిన వీడియో అన్నీ అందులోనే ఉన్నాయి. ఊళ్ళో అందరి సిస్టమ్‌లూ బాగుచేసే మనిషిని, నా ఇంట్లోది నా చేతులతో తగలేశాను. ఆ డిస్క్ దానంతటదే పోయిందనే మీ నాన్న ఇప్పటికీ అనుకుంటున్నారు. ఈ ఉత్తరం ఆయనకి చూపించకు.

సరే, కేబుళ్ళు కొత్తవేనని తేలి, కార్డు సరిగ్గా కూర్చున్నాక స్విచ్ వేయి. వేసి తెర వైపు చూడకు, మదర్‌బోర్డ్ వైపు చూడు. నీ బోర్డు మీద మూలగా నాలుగు చిన్న లైట్లు ఉంటాయి, పక్కన సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది, అంటే వరసగా ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, విండోస్ ఉన్న డిస్క్. ఒక్కొక్కటీ వెలిగి ఆరిపోతూ ఉంటాయి, ఎక్కడ ఆగిపోతే చిక్కు అక్కడ. డ్రామ్ దగ్గర ఆగిందంటే కార్డుకీ దీనికీ సంబంధం లేదు, కార్డు కుక్కేటప్పుడు చెయ్యి తగిలి ర్యామ్ కదిలి ఉంటుంది, తీసి మళ్ళీ పెట్టు. నీది డీడీఆర్5 రకం ర్యామ్ కాబట్టి, దాన్ని తీసి పెట్టిన తర్వాత మొదటిసారి కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉండొచ్చు, అది ర్యామ్‌తో లెక్కలు సరిచూసుకుంటూ ఉంటుంది. ముప్ఫై సెకన్లకే బటన్ నొక్కి ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నీ ఓపిక నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, గడియారం చూసి పది నిమిషాలు ఆగు. అన్నట్టు, కార్డు ఫ్యాన్లు తిరగట్లేదని కూడా కంగారు పడకు, ఇప్పటి కార్డులు చాలావరకు వేడెక్కేదాకా ఫ్యాన్ తిప్పవు.

వీజీఏ లైటు దగ్గరే ఆగితే అప్పుడు పాత కార్డు బయటికి తీయి. ఇంకా అమ్మలేదు కదా? కొత్త ఎస్ఎంపీఎస్ అలాగే ఉంచి, దాని కేబుళ్ళతోనే పాత కార్డు పెట్టి చూడు. దాంతో డిస్‌ప్లే వస్తే బోర్డూ స్లాటూ మానిటరూ బాగున్నట్టే, అనుమానం కొత్త కార్డు మీదికీ అది తాగే కరెంటు మీదికీ వస్తుంది. ఎలాగూ డిస్‌ప్లే వచ్చింది కాబట్టి అప్పుడే బయాస్ (సిస్టమ్‌ని మొదట లేపే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) వెర్షన్ చూసి, బోర్డు కంపెనీ సైట్‌లో కొత్తది ఉంటే వేసెయ్, కొత్త కార్డులతో కుదరకపోవడం కొన్నిసార్లు దాంతో తీరుతుంది. పాత కార్డుతో కూడా రాకపోతే బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది, ప్లగ్ పీకి దాన్ని తీసి ఓ ఐదు నిమిషాలాగి పెట్టు, సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ఇంకో మాట, ఫ్రెండ్ దగ్గర్నుంచి మరీ పాతకాలం కార్డు తెచ్చి టెస్ట్ చేయకు. యూఈఎఫ్ఐ (బయాస్‌కి కొత్త రూపం) తెలియని కార్డులు, సీఎస్ఎం (పాతకాలం వాటిని నడిపించే సెట్టింగు) ఆపేసి ఉన్న బోర్డులో బాగున్నా బొమ్మ చూపించవు, దాన్ని నమ్మి బోర్డు కూడా పోయిందని ఏడుస్తావు.

ఒకవేళ బోర్డు లోగో కనబడి, విండోస్ గుండ్రాలు తిరిగి, ఆ తర్వాత తెర నల్లబడితే శుభవార్తే, వైర్లూ స్క్రూలూ వదిలేయొచ్చు, అది డ్రైవర్ గొడవ, అంటే విండోస్‌లో కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌ది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి పాత డ్రైవర్‌ని డీడీయూతో (డ్రైవర్లని పూర్తిగా తీసేసే చిన్న ప్రోగ్రామ్) శుభ్రంగా తీసేసి కొత్తది వేసుకో. లోగోయే రానప్పుడు మాత్రం డ్రైవర్ల జోలికి వెళ్ళకు, నువ్వు నిన్న రెండు గంటలు చేసింది అదే.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే కొత్త కార్డుని ఫ్రెండ్ సిస్టమ్‌లో ఒక్కసారి పెట్టించు, వాడి ఎస్ఎంపీఎస్ సరిపోతుందో లేదో అడిగి మరీ. అక్కడా రాకపోతే మీ నాన్న మాటే నెగ్గినట్టు, రిటర్న్ పెట్టెయ్. పెట్టె, లోపలి నురగ, తొడుగులు ఏవీ పారేయకు. రిటర్న్ గడువు ఎప్పటిదాకానో ఇవాళే చూసిపెట్టుకో.

నేను సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ. వీడియో కాల్ చేసేటప్పుడు ఫోన్ నీ మొహానికి కాకుండా బోర్డుకి చూపించు, లైటు ఎక్కడ ఆగిందో నేనే చూస్తాను. అంతకంటే ముందు, ఇది చదవగానే, ఆ కేబుళ్ళు ఏ పెట్టెలోంచి తీశావో ఒక్క మెసేజ్ పెట్టు.

అమ్మ