టైమింగ్ ఆగిపోతే తిండి మానేస్తారా?

చిన్నీ,

ఎదురుగా చెబితే "అబ్బా, మళ్లీ మొదలెట్టావా అమ్మా" అని లేచి వెళ్లిపోతావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

వెల్లకిలా ఈదే వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో కొంతకాలంగా నీ టైమింగ్ తగ్గడం లేదు. నిరుడు నీ వెనకాల వచ్చిన అమ్మాయి ఇప్పుడు నీకంటే ముందు గోడ తాకుతోంది. 'లావైపోయాను, అందుకే' అని నీకు నువ్వే తేల్చేసుకుని, పళ్లెంలో సగం వదిలేసి లేస్తున్నావు. అది మాత్రం నేను ఒప్పుకోను.

ఆడపిల్లలు 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలు 14 ఏళ్ల ప్రాంతంలో ఒక్కసారిగా పొడవు పెరుగుతారు. ఆ ఏడాదిలో ఆడపిల్లలు 8 సెంటీమీటర్ల దాకా ఎదగడం మామూలే. ముందు పాదాలు, కాళ్లు, చేతులు సాగుతాయి. బలం ఆ తర్వాతగానీ రాదు. తుంటి దగ్గర, ఛాతీ దగ్గర కొవ్వు చేరడం ఈ వయసులో జరగాల్సిందే. దాంతో నీళ్లలో ఒళ్లు తేలే తీరు మారుతుంది, స్ట్రోక్‌ని మళ్లీ కుదుర్చుకోవాలి.

గోడ దగ్గర వెనక్కి తిరిగే నీ టర్నే చూడు. గోడకు 5 మీటర్ల ముందు కట్టిన జెండాలు కనపడగానే పాత లెక్కతోనే స్ట్రోకులు వేస్తున్నావు. చేతులు పొడవయ్యాయి కదా, అదే లెక్కకు ఇప్పుడు గోడ మీదికి వెళ్లిపోతున్నావు. మోకాళ్లు మరీ ముడుచుకుపోయి గట్టిగా తన్నలేకపోతున్నావు. ఒక స్ట్రోక్ తగ్గించి చూడమని కోచ్ అంటూనే ఉన్నారు, విను మరి.

ఆ అమ్మాయి ఈ దశ నీకంటే ముందే దాటేసి ఉండొచ్చు, లేదా తనకింకా మొదలే కాలేదేమో. ఏజ్ గ్రూప్ ఒకటే అయినా ఒంటి ఎదుగుదల ఒకటే కాదు. అన్నయ్యతో అసలే పోల్చుకోకు. వాడికి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పుణ్యమా అని భుజాలు, కండలు వస్తున్నాయి.

స్వీడన్ స్విమ్మర్ సారా స్యోస్ట్రోమ్ 2008లో 14 ఏళ్లకే యూరప్ ఛాంపియన్ అయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఒక్క పతకమూ రాలేదు. 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లై బంగారం గెలిచింది. 2024 పారిస్‌లో, 30 ఏళ్ల వయసులో, ఇంకో రెండు బంగారాలు! నువ్వూ ఒలింపిక్స్‌కి వెళ్లాలని టెన్షన్ పెట్టడం లేదులే. 14 ఏళ్లకే ఎవరి లెక్కా తేలిపోదని చెబుతున్నానంతే.

తిండి తగ్గించి ఇంత ప్రాక్టీస్ చేస్తే పీరియడ్స్ ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడతాయి. వరుసగా మూడు నెలలు రాకపోతే సిగ్గుపడకుండా నాకు చెప్పు, డాక్టర్ దగ్గరికి వెళ్దాం. భుజం నొప్పి కూడా దాచకు.

అన్నట్టు, కాస్ట్యూమ్ పట్టీలు ఒరుసుకుని నీ భుజాలు ఎర్రగా కందిపోయాయి. ఆదివారం కొత్తది కొందాం. ఒక సైజు పెద్దదే తీసుకుంటాను, షాపులో మొహం మాడ్చుకోకు.

అమ్మ