అన్నప్రాశన రోజున పొయ్యి వెలిగించండి

సంపాదకులు గారికి,

అంగన్‌వాడీ కేంద్రాల్లో పోషణ్ అభియాన్ అనే కేంద్ర ప్రభుత్వ పోషకాహార పథకం కింద జరుపుతున్న అన్నప్రాశన కార్యక్రమాల్లో కొరవడిన ఒక పని, అంటే బిడ్డ ఉగ్గును తల్లుల ముందే వండి చూపించడం గురించి మీ పత్రిక ద్వారా అధికారులకు విన్నవించుకోదలచాను.

ఆరు నెలలు నిండగానే తల్లిపాలు కొనసాగిస్తూ, ఇంట్లో వండిన మెత్తని ఆహారం మొదలుపెట్టాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాగిసంకటి తిని పెరిగిన మా అనంతపురం వాళ్లకు ఇదేమీ కొత్త మాట కాదు. అయినా పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. కాన్పుకు వచ్చిన మా అమ్మాయి బిడ్డకు ఏడో నెల నుంచి రాగిజావ పట్టాం. గొంతుకు అడ్డం పడుతుందేమోనన్న భయంతో నేనే దాన్ని నీళ్లలా పలుచన చేసేదాన్ని. గిన్నెడు తాగి బిడ్డ హాయిగా నిద్రపోయేది, మేమూ మురిసిపోయేవాళ్లం. రెండు నెలలు గడిచినా తూకం మాత్రం పెరగలేదు. ఒకరోజు ఇంటికి వచ్చిన అంగన్‌వాడీ కార్యకర్త నా చేతిలోని చెంచా తీసుకుని పక్కకు వంచింది. జావ జర్రున జారిపోయింది. "ఇది కడుపు నింపుతుంది గానీ ఒంటికి పట్టదమ్మా, చెంచా వంచినా కాస్త నిలవాల" అంది. ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు.

చిక్కగా వండితే బిడ్డ మింగలేదు, పలుచన చేస్తే బలం ఉండదు. ఈ చిక్కుకు విరుగుడు మొలకల పిండి. రాగులు రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడిగుడ్డలో మూటగట్టి రెండు రోజులు ఉంచితే తెల్లటి మొలకలు వస్తాయి. వాటిని బాగా ఎండబెట్టి, నలిపి, చెరిగి పిండి పట్టించుకోవాలి. (మిరపకాయలు ఆడించిన మిషన్‌లో వెంటనే పట్టించి మేము ఒక విడత పిండి పారబోసుకున్నాం.) మొలకెత్తేటప్పుడు గింజలో పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైము పెరుగుతుంది. మామూలు రాగిపిండిలో మూడో వంతు పెసరపప్పు పిండి కలిపి చిక్కగా ఉడికించి, దించి కాస్త వేడి తగ్గాక ఈ మొలకల పిండి ఒక చెంచా వేసి కలిపితే, ముద్దలా ఉన్నది కొద్ది నిమిషాల్లో చూస్తుండగానే జారుగా మారుతుంది. నీళ్లు పోయకుండానే పలుచబడుతుంది కనుక సత్తువ తగ్గదు. తరువాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టాలి. మొలకల రాగుల్ని ఎర్రగా వేయిస్తే మాత్రం ఆ గుణం పోతుంది. కమ్మని వాసన కోసం మన ఇళ్లలో చేసేది సరిగ్గా అదే.

చెనిక్కాయల (వేరుశనగ) పొడి కలపడమూ మంచిదే గానీ బూజు పట్టిన గింజ ఒక్కటి కూడా పడకూడదు, ఎందుకంటే బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు.

ఇవన్నీ గోడమీద అతికించిన బొమ్మలు చూసి వచ్చేవి కావు. నేను చూసిన అన్నప్రాశనల్లో బిడ్డకు కొత్త బట్టలు వేసి, చెంచాడు చక్కెర పాయసం నాకించి, ఫొటో తీసుకుని తల్లులను పంపేశారు. ఒకచోట తేనె కూడా నాకించారు. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చని అక్కడ ఎవరూ చెప్పలేదు. ఆ అరగంటలోనే తల్లుల ముందు, ముఖ్యంగా వంట చేసే అవ్వల ముందు, ఉగ్గు వండి చెంచా వంచి చూపించేలా అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) అధికారులు ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను. మధ్యాహ్న భోజనం వండే కేంద్రాల్లో పొయ్యి ఎలాగూ ఉంది. గుప్పెడు మొలకల పిండి తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
అనంతపురం