టిఫా స్కాన్ నాటికే తల్లి గుండెనూ చూడాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

గర్భిణికి ఛాతీ కోయకుండా గుండె చికిత్స చేశారనీ, తల్లీబిడ్డా క్షేమమనీ అప్పుడప్పుడూ పత్రికల్లో చదువుతుంటాం. ఆ డాక్టర్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన నాకు ఆ వార్తల్లో ఒక వివరం ఎప్పుడూ దొరకదు. ఆ అమ్మాయి జబ్బు ఎన్నో నెలలో బయటపడిందో ఎవరూ రాయరు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మన దగ్గర గర్భిణుల్లో కనిపించే గుండె జబ్బుల్లో ఎక్కువ భాగం చిన్నప్పటి కీళ్ళవాత జ్వరం మిగిల్చినవే. బడికెళ్ళే వయసులో గొంతునొప్పి వస్తుంది. రెండు మూడు వారాలకు మోకాళ్ళు, చీలమండలు వాచి, నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు పాకుతుంది. తర్వాత తగ్గిపోతుంది, ఇంట్లోవాళ్ళూ మరిచిపోతారు. లోపల మాత్రం గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులా ఉండే మైట్రల్ కవాటం రెక్కలు ఏళ్ళ తరబడి అతుక్కుంటూ వస్తాయి. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన దారి కొందరిలో ఒక చదరపు సెంటీమీటరుకు కుంచించుకుపోతుంది. పెళ్ళయ్యేదాకా ఆ పిల్ల పొలం పనీ ఇంటి పనీ ఎలాగో నెట్టుకొస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, గుండె వేగం కూడా పెరుగుతుంది. ఆ ఇరుకులోంచి అంత రక్తం దిగలేక ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది.

అప్పుడు వచ్చే ఆయాసాన్ని అందరూ ‘ఒట్టి మనిషి కాదు కదా, మామూలే’ అంటారు. లేదంటే రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలిచ్చి పంపిస్తారు. రక్తహీనత ఇంతగా ఉన్న చోట ఆ అనుమానం రావడం సహజమే. కానీ వెల్లకిలా పడుకోలేక రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునే ఆయాసం, దగ్గితే నురగలో నెత్తుటి చాయ కనిపించే ఆయాసం ఐరన్‌తో తగ్గేవి కావు. అలాంటివాళ్ళు నొప్పులతో నేరుగా లేబర్ రూముకి వచ్చినప్పుడు మా అందరికీ గుండె జారిపోయేది. కాన్పు అయిపోగానే గర్భసంచి ముడుచుకుని, అందులోని రక్తం ఒక్కసారిగా గుండె మీదికి వస్తుంది. బిడ్డ ఏడుపు విని గండం గడిచిందని బయట అందరూ సంతోషపడుతుంటే లోపల తల్లికి ఊపిరి ఆడదు.

దీనికి చికిత్స కొత్తదేమీ కాదు. జపాన్ సర్జన్ కంజి ఇనౌయె 1982లో మొదలుపెట్టిన బెలూన్ పద్ధతి మన పెద్దాసుపత్రుల్లోనూ ఏళ్ళుగా ఉంది. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, బెలూన్ ఉబ్బించి, అతుక్కున్న రెక్కల్ని విడదీస్తారు. గుండెను ఆపనక్కర్లేదు. ఎక్స్‌రే కిరణాలు వాడతారు కాబట్టి కడుపును సీసపు కవచంతో కాపాడతారు. బిడ్డ అవయవాలు ఏర్పడిపోయాక, వీలైతే 20 వారాలు దాటాక చేయడం మేలంటారు.

ఇక్కడ పాఠకులు ఒకటి గమనించాలి. కవాటం బాగా గట్టిపడినా, బాగా లీకవుతున్నా, గుండెలో రక్తం గడ్డ ఉన్నా బెలూన్ కుదరదు. అలాంటప్పుడు కొన్ని చోట్ల పక్కటెముకల మధ్య చిన్న కోతతో ఆపరేషన్ చేస్తున్నారు. కోత చిన్నదైతే తల్లి త్వరగా కోలుకుంటుంది, నిజమే. కానీ ఆపరేషన్ జరిగినంతసేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే యంత్రం వాడక తప్పదు, బిడ్డకు అసలు ముప్పు ఆ యంత్రంతోనే. 28 వారాలు దాటితే వీలైనంతవరకు ముందు కాన్పు చేసి తర్వాత గుండె సంగతి చూస్తారు. అందుకే చిన్న కోత ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. జబ్బు ముందే తెలిస్తే మందులతో గట్టెక్కేవాళ్ళూ ఉంటారు, బెలూన్‌తో సరిపోయేవాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు పల్లెల్లో కూడా 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్, అంటే కడుపులో బిడ్డ అవయవాల్ని చూసే స్కాన్, చేయించుకుంటున్నారు. బిడ్డ గుండెలో గదులన్నీ సరిగ్గా ఉన్నాయా అని అందులో చూస్తారు. తల్లి గుండె మాత్రం ఎవరికీ గుర్తురాదు. పేరు నమోదు చేసిన రోజునే డాక్టరు ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వినాలి, చిన్నప్పుడు కీళ్ళు వాచాయా అని అడగాలి. ఏ కొంచెం అనుమానం ఉన్నా టిఫా నాటికల్లా గుండెకు ఎకో (గుండె స్కాన్) కూడా తీయించాలి. ఎకోలో రేడియేషన్ ఉండదు, కడుపులో బిడ్డకు ఏమీ కాదు. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు డాక్టర్లే పరీక్షలు చేస్తున్నారు. ఈ పని అక్కడే మొదలుపెట్టవచ్చు. ఎకో యంత్రం, దాన్ని చదివే డాక్టరు ఏరియా ఆసుపత్రిలో దొరికేలా చూడటం మాత్రం ప్రభుత్వం చేయాలి. ఏజెన్సీ గ్రామం నుంచి ఒక్క పరీక్ష కోసం విశాఖ కేజీహెచ్ దాకా ఎందరు రాగలరు?

ఇంకో బాధ చెప్పాలి. చిన్నప్పుడే జబ్బు తెలిసి, ఆ జ్వరం మళ్ళీ రాకుండా మూడు నాలుగు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ వేయించుకునే అమ్మాయిలు ఉన్నారు. సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులు ఆ మాట దాచి పెళ్ళి చేస్తారు. అత్తారింట్లో ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందోనని ఆ పిల్ల ఇంజెక్షన్ మానేస్తుంది, కడుపు పండినా నోరు విప్పదు. ఆ అమ్మానాన్నల్ని తిట్టే మనసు నాకు లేదు, వాళ్ళ భయం నేను చూశాను. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లో గుర్తించిన ఇలాంటి పిల్లల వివరాలు, వాళ్ళు ఏ ఊరికి కోడలుగా వెళితే ఆ ఊరి ఏఎన్ఎంకు గుట్టుగా చేరే ఏర్పాటు ఉండాలి. గర్భం వచ్చాక కూడా పెనిసిలిన్ ఆపనక్కర్లేదని ఆమెకు చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, విజయనగరం