తొమ్మిది బ్లైండ్లు మిగిలినప్పుడు

హెండర్సన్, నెవాడా

బాబాయ్‌కి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందా? ఎండలు 43 డిగ్రీలు దాటాయి. కాసినోల లోపల మాత్రం శాలువా లేకుండా కూర్చోలేనంత చలి.

మొన్న పోకర్ టోర్నమెంటు బ్రేక్‌లో ఫోన్ చేసినప్పుడు నువ్వు అడిగావు కదా, "అందరి ముందూ గుట్టలు గుట్టలుగా చిప్స్ ఉన్నాయంటున్నావు, నీ దగ్గర అంతే మిగిలాయంటున్నావు, ఇంకా అక్కడ కూర్చుని ఏం చేస్తావమ్మా?" అని. పది నిమిషాల బ్రేక్‌లో దానికి జవాబు చెప్పడం కుదరలేదు. పైగా కాగితం మీద వేసి చూసుకోవాల్సిన సంగతి అది. అన్నేళ్లు లెక్కలు చెప్పినవాడివి, రాస్తే నీకే బాగా అర్థమవుతుందని ఈ ఉత్తరం.

ముందు అమ్మకి చెప్పాల్సింది ఒకటుంది. టోర్నమెంటుకి డబ్బు కట్టేది ఒక్కసారే, మొదట్లో. చిప్స్ అనే పందెం బిళ్లల మీద రాసి ఉన్న వేలూ లక్షలూ డాలర్లు కావు, ఆట లెక్క కోసం వేసిన అంకెలు. అవి అయిపోతే లేచి ఇంటికి రావడమే. మళ్లీ డబ్బు కట్టి కూర్చోనిచ్చే టోర్నమెంట్లూ ఉన్నాయి, వాటి జోలికి నేను వెళ్లను.

ఇక అసలు విషయం. నువ్వు 201 రమ్మీ ఆడేటప్పుడు పాయింట్ల కంటే ముందు డ్రాపులు లెక్కపెట్టుకుంటావు. డ్రాప్‌కి 25 కాబట్టి 150లో ఉంటే ఇంకా రెండు డ్రాపులు, 175లో ఉంటే ఒకటి, 176 అయితే కంపల్సరీ, ముక్కలు ఎలా ఉన్నా ఆడి తీరాలి. పోకర్‌లో చిప్స్ తగ్గినవాళ్ల లెక్క సరిగ్గా ఇలాంటిదే. కాకపోతే ఇక్కడ నువ్వు డ్రాప్ చెప్పినా చెప్పకపోయినా టేబుల్ నీ దగ్గర వసూలు చేస్తూనే ఉంటుంది. వంతు వచ్చినప్పుడు ఒకసారి స్మాల్ బ్లైండ్, ఒకసారి బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే పెట్టి తీరాల్సిన చిన్న, పెద్ద పందేలు), దాంతోపాటు యాంటి అనే ఇంకో తప్పనిసరి చందా. అది చాలదన్నట్టు, అరగంటకో గంటకో ఆ రేటు పెరుగుతుంది.

మొన్నటి అంకెలే చెప్తాను. స్మాల్ బ్లైండ్ 3,000, బిగ్ బ్లైండ్ 6,000, యాంటి 6,000. ఈమధ్య చాలా చోట్ల యాంటి టేబుల్ మొత్తానికీ కలిపి బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాళ్లే పెడతారు. అంటే ఊరికే కూర్చుంటే ఒక చుట్టుకి 15,000 పోతాయి. నీకు ఫోన్ చేసినప్పుడు నా దగ్గర 69,000 ఉన్నాయి. ఒక చుట్టు తిరిగేసరికి 54,000 అయ్యాయి. 54ని 15తో భాగిస్తే 3.6. ఒక్క ముక్కా ఆడకుండా ఇంకా మూడున్నర చుట్లు బతకగలనన్నమాట. ఈ అంకెని ఇక్కడ ఎమ్ అంటారు. బ్యాక్‌గామన్ అనే పాచికల ఆటలో మహా ఆటగాడు పాల్ మాగ్రియల్ పేరులోని అక్షరం అది. 1995లో పోకర్ ప్రపంచ ఛాంపియన్ అయిన డాన్ హారింగ్టన్ దాన్ని అందరికీ అలవాటు చేశాడు. అయిదు కంటే తగ్గితే ఎర్ర జోన్ అన్నాడాయన.

ఎర్ర జోన్‌లో పడ్డవాళ్లని రోజూ చూస్తుంటాను. కొందరు విసిగిపోయి, ఏదో ఒకటి తేలిపోనీ అని దొరికిన మొదటి ముక్కలతో చిప్స్ అన్నీ ఒకేసారి పందెంలోకి తోసేస్తారు. ఎక్కువమంది మాత్రం దానికి వ్యతిరేకం. మంచి జత వచ్చేదాకా ఆగుదాం, ఆసులు వస్తాయేమో చూద్దాం అని కూర్చునే ఉంటారు. నాకు రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే బయటికి అది ఓపికలాగే కనిపిస్తుంది. నిజానికి వాళ్ల చేతిలోంచి జారిపోయేది చిప్స్ ఒక్కటే కాదు, ఎదుటివాళ్లని వెనక్కి తగ్గించే బలం కూడా.

ఆ బలాన్ని లెక్కకట్టి చూపిస్తాను. నేను 54,000 మొత్తం ముందుకి తోశాననుకో. బిగ్ బ్లైండ్‌లో ఉన్నతను 6,000 ముందే పెట్టాడు కాబట్టి ఇంకా 48,000 పెట్టి కాల్ చెయ్యాలి, అంటే నా పందేనికి సమానంగా పెట్టి ఆడాలి. మధ్యలో ఉన్నది 69,000. తను పెట్టేదీ కలుపుకుంటే 117ల్లో 48, అంటే గెలిచే అవకాశం 41 శాతం ఉంటే తప్ప కాల్ గిట్టుబాటు కాదు. చాలా ముక్కలు పడెయ్యక తప్పదు. అదే నేను ఆసుల కోసం ఆగి ఆగి 15,000కి వచ్చాక తోశాననుకో. అతను ఇంకా పెట్టాల్సింది 9,000, మధ్యలో ఉన్నది 30,000. 39ల్లో 9 అంటే 23 శాతం చాలు. అంత అవకాశం దాదాపు ఏ రెండు ముక్కలకైనా ఉంటుంది. కళ్లు మూసుకుని కాల్ చేస్తాడు. నా ముక్కలు అవే, కుర్చీ అదే, కానీ భయపడేవాళ్లు ఎవరూ ఉండరు.

రమ్మీకీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది బాబాయ్. నీ సీక్వెన్స్ కలవకపోతే నువ్వు షో చెప్పలేవు. ఇక్కడ ఏమీ కలవకపోయినా మిగతావాళ్లు వదిలేస్తే మధ్యలోది మనదే. అందుకే తక్కువ చిప్స్ ఉన్నవాళ్లు ముందుగా తోసేవాళ్లు అవ్వాలి గానీ ఇంకొకరు పెంచిన పందేనికి కాల్ చేసేవాళ్లు కాకూడదు. తోస్తే గెలవడానికి రెండు దారులు: వాళ్లు వదిలెయ్యడం, లేదా ముక్కల మీద గెలవడం. కాల్ చేస్తే రెండో దారి ఒక్కటే మిగులుతుంది. నేను నేర్చుకున్నవాటన్నిటిలో నాకు అతి విలువైనది ఇదే.

ఆ రాత్రి రెండు టేబుళ్లలో కలిపి పదిహేడుమంది మిగిలాం. డబ్బు పదిహేనుమందికి. నాకు ఆసు, పది వచ్చాయి. నాకంటే ముందు కూర్చున్నతను, టేబుల్ మీద అందరికంటే ఎక్కువ చిప్స్ ఉన్నవాడు, అప్పటికే పందెం పెంచాడు. మామూలుగా చూడటానికి ఆసు-పది బాగానే ఉంటుంది. వదిలేశాను. నా ఎడమ పక్కాయన దగ్గర రెండు బ్లైండ్లే ఉన్నాయి, అవతలి టేబుల్‌లో ఇంకొకావిడదీ అదే పరిస్థితి. వాళ్లిద్దరూ నాకంటే ముందు వెళ్లిపోయే అవకాశం ఉన్నప్పుడు, నేను వెళ్లి పెద్ద ఆసామి పందేనికి ఎదురు నిలబడటం దేనికి?

ఇక్కడ నీకు నచ్చే లెక్క ఒకటుంది. ముగ్గురు మిగిలారు, ముగ్గురి దగ్గరా సమానంగా చిప్స్. బహుమతులు 50, 30, 20. ముగ్గురిదీ సమానమైన వాటా కాబట్టి ఒక్కొక్కరి విలువ 33.3. ఇప్పుడు నువ్వు ఒకతనితో మొత్తం పెట్టి గెలిచావు. నీ చిప్స్ రెట్టింపయ్యాయి. మరి నీ డబ్బు? మూడింట రెండు వంతులు 50 వస్తుంది, ఒక వంతు 30 వస్తుంది. మొత్తం 43.3. రెట్టింపు కాలేదు, పదే పెరిగింది. ఓడితే 20 తీసుకుని లేవాలి, అంటే 13.3 పోయింది. 10 కోసం 13.3 పణం పెట్టాలంటే వందకి 57 సార్లయినా గెలవాలి. సగానికి సగం అవకాశం ఉందిలే అని దిగేవాళ్లు ఈ తేడాని లెక్కలోకి తీసుకోరు. పోగొట్టుకునే చిప్ విలువ గెలుచుకునే చిప్ విలువ కంటే ఇలాంటప్పుడు ఎక్కువే. చిప్స్‌ని ఇలా బహుమతి డబ్బులోకి మార్చి చూసే లెక్కని ఐసీఎమ్ (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. మధ్యరకంగా చిప్స్ ఉన్నవాళ్ల మీదే దీని బరువు ఎక్కువ పడుతుంది. అందరికంటే చిన్నవాడికి పోయేది పెద్దగా ఏమీ లేదు, అందరికంటే పెద్దవాడు ఎలాగూ ఒక్క ఆటలో పోడు.

పక్కాయనా అవతలి ఆవిడా వెంటవెంటనే వెళ్లిపోయారు. అందరం డబ్బులో పడ్డాం. ఇక నేను ఆగలేదు. బటన్, అంటే పంచేవాళ్ల వంతుని చూపించే బిళ్ల, నా ముందుకి వచ్చింది, అందరూ వదిలేశారు, నా వెనక బ్లైండ్లలో ఇద్దరే ఉన్నారు. నా చేతిలో ఆటీను రాజు, ఆటీను తొమ్మిది. మొత్తం 54,000 తోశాను. ఇద్దరిలో ఒక్కొక్కరు అయిదింట ఒక వంతు ముక్కలతో కాల్ చేస్తారనుకో. ఇద్దరూ వదిలేసే అవకాశం 0.8 ఇంటూ 0.8, అంటే 64 శాతం. అప్పుడు ఊరికే 15,000 వస్తాయి. కాల్ వచ్చినా వందకి నలభైసార్లు గెలుస్తాననుకుందాం. వేసి చూడు, సగటున ఏడు వేల చిప్స్ లాభం తేలుతుంది. రాజు-తొమ్మిది గొప్ప ముక్కలేం కావు. గొప్పది ఆ చోటు, ఆ సమయం.

ఇద్దరూ వదిలేశారు. నావి మళ్లీ 69,000 అయ్యాయి. వెంటనే లెవెల్ మారి బ్లైండ్లు 4,000, 8,000, యాంటి 8,000 అయ్యాయి. అంతకుముందు 54,000 అంటే తొమ్మిది బిగ్ బ్లైండ్లు. గెలిచాక కూడా నా దగ్గర ఆ తొమ్మిది నిండలేదు! బయటినుంచి చూసేవాళ్లకి ఇది అంత త్వరగా అర్థం కాదు. చుట్టుకి ఒకసారి బ్లైండ్లు దొరికితే ఉన్నచోట ఉంటాం, అంతే. ముందుకి వెళ్లాలంటే ఎప్పుడో ఒకసారి కాల్ రావాలి, వచ్చినప్పుడు గెలవాలి. నాకు అది ఆసు-రాణితో వచ్చింది. ఆసు-పది ఉన్నతను కాల్ చేశాడు, నావి రెట్టింపయ్యాయి. చివరి టేబుల్‌కి చేరి అయిదో స్థానంలో వెళ్లిపోయాను. అప్పుడు నా చేతిలో ఎనిమిదుల జత, అవతల ఆసు-రాణి. వందకి 55 సార్లు నావే గెలుస్తాయి. ఆఖరి ముక్క రాణి పడింది. రేపు అదే చోట అవే ఎనిమిదులు వస్తే మళ్లీ తోస్తాను.

ఇక్కడ అందరి నోటా వినిపించే మాట ఒకటుంది: ఒక చిప్పూ ఒక కుర్చీ ఉంటే చాలు. 1982లో ఇక్కడికి పక్కనే ఉన్న లాస్ వేగాస్‌లో, బినియన్స్ హార్స్‌షూలో, జాక్ స్ట్రాస్ అనే ఆయన అంతా పోయిందనుకుని లేవబోతే ఒక 500 చిప్ మిగిలి ఉందని, దాంతో మొదలుపెట్టి 104 మందిలో గెలిచి 5,20,000 డాలర్లు పట్టుకెళ్లాడని చెప్తారు. ఆ చిప్ నాప్కిన్ కింద దొరికిందంటారు. నాకూ ఇష్టమైన కథే. కానీ దాన్ని పట్టుకుని చివరి చిప్ దాకా ఆగేవాళ్లని చూస్తే మనసు ఉసూరుమంటుంది. ఆయన గెలిచింది ఒక్క చిప్ వల్ల కాదు, అది నాలుగైన తర్వాతా నలభై అయిన తర్వాతా ఆడిన ఆట వల్ల.

ఎన్ని బ్లైండ్లు ఉంటే ఏ కుర్చీలోంచి ఏ ముక్కలతో తొయ్యాలో లెక్కగట్టిన పట్టికలు ఉన్నాయి. నాష్ సమతౌల్యం మీద, అంటే ఎవరూ తమ ఎత్తు ఒక్కటే మార్చుకుని లాభపడలేని స్థితి మీద కట్టినవి. నువ్వు నీ విద్యార్థులకి చెప్పే జాన్ నాషే. 1951లో వచ్చిన తన వ్యాసంలో ముగ్గురు ఆడే చిన్న పోకర్ ఆటనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ పట్టికల ప్రింటు దీనితో పంపిస్తున్నాను. ఒక్కటి గుర్తుపెట్టుకో, అవి చిప్స్ లెక్క మాత్రమే చెప్తాయి. బహుమతుల మెట్లు దగ్గరపడినప్పుడు కాల్ విషయంలో ఇంకా బిగించాలి.

తమ్ముడు ఫోన్లో యాప్ పెట్టుకుని ఆడతానంటున్నాడట. వద్దని గట్టిగా చెప్పు. రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు చెప్పిందని నువ్వు ఎప్పుడూ అంటావు, నిజమే, 1967 నవంబరు నాటి ఆ తీర్పు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోదే. కానీ డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. చట్టం సంగతి అటుంచు, రాత్రిపూట ఒక్కడే గదిలో కూర్చుని ఫోన్లో డబ్బు పెట్టే ఆట ఎవరికీ మంచిది కాదు. వాడికి నేర్చుకోవాలని ఉంటే చింతపిక్కలు పోసి నీతో కూర్చోమను. లెక్క అదే, పోయేదేమీ లేదు.

మీ ఇద్దరికీ ఒక లెక్క ఇస్తున్నాను. అయిదుగురు మిగిలారు, బహుమతి నలుగురికి. బ్లైండ్లు ఒకటి, రెండు, యాంటి రెండు పిక్కలు. నువ్వు స్మాల్ బ్లైండ్‌లో ఉన్నావు, నీ దగ్గర పద్నాలుగు. ముందువాళ్లందరూ వదిలేశారు. బిగ్ బ్లైండ్‌లో ఉన్నతని దగ్గర అరవై. ఇంకొకతని దగ్గర మూడే మూడు, ఇంకో రెండు ఆటలయ్యాక అతనికి బిగ్ బ్లైండ్ వస్తుంది. నీ చేతిలో ఇస్పేటు జాకీ, కళావరు ఏడు. తోస్తావా, వదిలేస్తావా? నీకు ఎదురుగా బిగ్ బ్లైండ్‌లో ఉన్నది తమ్ముడైతే ఒక జవాబు, వాడికి ఎదురుగా ఉన్నది నువ్వయితే ఇంకో జవాబు రావచ్చు. ఇద్దరూ విడివిడిగా వేసి, కారణాలతో సహా రాసి పంపండి.

పిన్నికి నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

ఇట్లు
నీ బుజ్జి