నలభై మూడు రోజులు, పదకొండు ఫిర్యాదులు, ఒక్క మనిషి జవాబు లేదు

సంస్థ యాజమాన్యానికి,

విషయం: మీ సామాజిక మాధ్యమ యాప్‌లో మా అమ్మాయి పేరుతో నడుస్తున్న నకిలీ ఖాతాపై ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

ఈ ఉత్తరం కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మీ యాప్‌లో ఫిర్యాదు రాయడానికి ఇచ్చిన గడిలో ఐదు వందల అక్షరాలకు మించి పట్టవు. పట్టినా ప్రయోజనం లేదు. ఆ గడిలో రాసింది ఏ మనిషి కంటా పడదని ఈ నలభై మూడు రోజుల్లో నాకు బాగా తెలిసొచ్చింది.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఎవరో ఆమె ఫోటోలు తీసుకుని, ఆమె పేరుతోనే ఖాతా తెరిచారు. పేరు చివర ఒక చుక్క ఎక్కువ, అంతే తేడా. తోటి పిల్లల రంగు గురించి, ఒడ్డూపొడుగు గురించి, ఇంటి గుట్టు గురించి అందులో నానా రాతలూ రాస్తున్నారు. చదివిన పిల్లలంతా మా అమ్మాయే రాస్తోందనుకున్నారు. ఆ ఖాతా సంగతి నాకు చెప్పింది కూడా మీరే. "మీకు తెలిసినవారు కావచ్చు" అంటూ నా ఫోనుకు పంపిన సూచనల్లో మొదటి పేరు అదే. నా కూతురి ముఖం తగిలించుకున్న దొంగను నాకే పరిచయం చేశారు.

ఆ క్షణంలోనే ఫిర్యాదు చేశాను. ఆరు నిమిషాల్లో జవాబు వచ్చింది. ప్రాణం లేచివచ్చినట్టయింది. తెరిస్తే, "మీ ఫిర్యాదును పరిశీలించాం. ఈ ఖాతా మా ప్రమాణాలను ఉల్లంఘించడం లేదు" అని ఉంది. ఏం పరిశీలించారు? రెండు ఖాతాల్లో ఒకే ముఖం, ఒకే పేరు. పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లవాడైనా చెబుతాడు.

మళ్లీ ఫిర్యాదు చేస్తే గుర్తింపు పత్రం పంపమన్నారు. నాది పంపితే పిల్లది కావాలన్నారు. పిల్లది పంపితే ఫోటో స్పష్టంగా లేదన్నారు. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి నాలుగుసార్లు తీసి పంపాను. ఆ దొంగ ఖాతా తెరిచినవారిని మాత్రం మీరు ఏ పత్రమూ అడగలేదు.

ఆ తర్వాత చాట్ మొదలైంది. ముందు యంత్రం పలికింది. మనిషితో మాట్లాడాలని మూడుసార్లు రాస్తే మూడుసార్లూ "మీ ప్రశ్న అర్థం కాలేదు" అంది. ఎలాగో ఒక ప్రతినిధి దొరికాడు. అరగంట సేపు అంతా చెప్పించుకుని, "మీ ఇబ్బంది అర్థమైంది, కానీ ఇది మా విభాగం కిందికి రాదు" అని ఇంకొకరికి అప్పగించాడు. ఆ రెండో ఆయన మొదటినుంచి చెప్పమన్నాడు. చెప్పాను. మధ్యలోనే చాట్ తెగిపోయింది. మర్నాడు దొరికిన మూడో ఆవిడ, మీ అమ్మాయే తన ఖాతా నుంచి ఫిర్యాదు చేయాలంది. అప్పటికి మా అమ్మాయి భయపడి తన ఖాతా మూసేసుకుంది. ఆ మాటే చెబితే, ఖాతా లేనివారి ఫిర్యాదు తీసుకోవడం కుదరదంది. "ఆ ఖాతాను మీరు బ్లాక్ చేసుకోండి, ఇక మీకు కనిపించదు" అని సలహా కూడా ఇచ్చింది. నాకు కనిపించకపోతే సరిపోతుందా అమ్మా? దాన్ని అనుసరిస్తున్న మూడు వందల మంది పిల్లలకు కనిపిస్తోంది కదా! ఈ మాటకు ఆవిడ నుంచి జవాబు లేదు.

తొమ్మిదో ఫిర్యాదుకు తెల్లవారుజామున రెండు గంటలకు ఒక ప్రశ్న పంపారు. ఆరు గంటలకు నేను లేచి చూసేసరికి "మీ నుంచి స్పందన రానందున ఫిర్యాదును మూసివేశాం" అని ఉంది. కిందనే, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు. ఆ రోజు ఫోను పట్టుకుని ఏడ్చాను.

మీకు మనుషులు కనిపించరని నేను అనడం లేదు. మా అమ్మాయి మీకు చాలా బాగా కనిపిస్తుంది. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగిందో మీకు తెలుసు. ఒక్కరోజు యాప్ తెరవకపోతే రాత్రి పదకొండున్నరకు "నీ స్నేహితులు ఏం చేస్తున్నారో చూడు" అని పిలుస్తారు. ఆమె చూపు ఎటు పోతోందో అంత శ్రద్ధగా కనిపెట్టే సంస్థకు, ఆమె గోడు మాత్రం ఎందుకు వినపడదు?

పోయిన ఏడాది ఒక సాయంత్రం పక్కన కూర్చుని గమనించాను. ఫోటో ఒకటి పెట్టి ఫోను బోర్లించింది. తిప్పి చూసింది. మళ్లీ బోర్లించింది. పది నిమిషాల్లో పద్నాలుగు లైకులే వచ్చాయని ఆ ఫోటో తీసేసింది. నాకు ఎంతో నచ్చిన ఫోటో అది. ఇంకోసారి జ్వరంతో పడుకుని, స్నేహితురాలితో రోజూ సందేశాలు పంపుకునే వరుస తెగిపోతుందని కంగారుపడింది. ఒక్కరోజు తప్పితే మీరు లెక్కను సున్నాకు తెచ్చేస్తారట. అందుకని తన బదులు పంపమని తన పాస్‌వర్డు ఆ స్నేహితురాలికి ఇచ్చింది. తన డైరీ నన్ను కూడా ముట్టుకోనివ్వని పిల్ల అది! ఫోటోలు ఆ దారినే బయటకు పోయాయని నా అనుమానం.

ఆ నకిలీ ఖాతా కింద వ్యాఖ్యలు రాసిన పిల్లల్లో కొందరిని నేనెరుగుదును. ఎదురుపడితే తల వంచుకుని నమస్కారం పెట్టే పిల్లలు. అక్కడ మాత్రం ఒకరిని మించి ఒకరు రాశారు. ఎక్కువ లైకులు వచ్చిన మాట పైకి వస్తుంది, పైన ఉన్నదాన్ని చూసి తర్వాతివాళ్లు ఇంకాస్త కారం కలుపుతారు. ఆ పిల్లలను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. అలా పైకి తెచ్చే పద్ధతి పెట్టింది పిల్లలు కాదు, మీరు.

నా తప్పూ చెబుతాను. పదమూడేళ్లు నిండనిదే ఖాతా ఇవ్వబోమని మీ నిబంధనల్లో ఉంది. మా అమ్మాయి పుట్టిన సంవత్సరం మార్చి పన్నెండేళ్లకే తెరిచింది. తెలిసీ ఊరుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. కానీ మీరు ఒక్కసారైనా సరిచూశారా? రోజుకు మూడు గంటలకు మించి సామాజిక మాధ్యమాల్లో గడిపే పిల్లలకు కుంగుబాటు, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధాన వైద్యాధికారి (సర్జన్ జనరల్) 2023లోనే హెచ్చరించారు. తోసిపుచ్చిన ఫిర్యాదును మళ్లీ చూడమని అడిగితే ఆ నిర్ణయాన్ని పూర్తిగా యంత్రాలకే వదిలేయకూడదని యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టంలో రాసుకుంది. పదహారేళ్ల లోపువారికి ఖాతాలే ఉండరాదన్న ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఇదంతా నాకంటే ముందు మీకే తెలుసు.

పదమూడేళ్లుగా నేను మీ దగ్గర ఉన్నాను. మా అమ్మాయి తొలి అడుగుల వీడియో మీ యాప్‌లోనే పెట్టాను. మా బంధువుల్లో ఇరవై మందిని నేనే చేర్పించాను. ఆ నమ్మకానికి మీరిచ్చిన విలువ ఆరు నిమిషాల యంత్రపు జవాబు.

ఆ ఖాతాను తీసేయాలి. అందులోని రాతలు మా అమ్మాయివి కావని మీరే రాసివ్వాలి, దాన్ని తీసుకెళ్లి బడిలో చూపిస్తాను. పదకొండు ఫిర్యాదులనూ ఎవరు, ఏ కారణంతో మూసేశారో చెప్పాలి. పిల్లల విషయంలో ఫిర్యాదు వస్తే మొదటి రోజే మనిషి చూసే ఏర్పాటు చేయాలి. ఉత్తరం అందిన ఏడు రోజుల్లో ఇవేమీ జరగకపోతే సైబర్ నేరాల పోలీసుల దగ్గరికి, అక్కడినుంచి కోర్టుకు వెళతాను. ప్రతి చాట్‌కూ స్క్రీన్‌షాట్ ఉంది. అన్నీ పత్రికలకు ఇస్తాను. మా అమ్మాయి తరగతి పిల్లల తల్లిదండ్రులందరితోనూ మీ యాప్ తీయించేస్తాను. ఇప్పటికే తొమ్మిది మంది తీసేశారు.

ఈ ఉదయం కూడా చూశాను. ఆ ఖాతాలో మా అమ్మాయి ముఖంతో కొత్త ఫోటో పెట్టారు. ఇరవై ఆరు లైకులు వచ్చాయి. మా అమ్మాయి పదకొండు రోజులుగా బడికి వెళ్లడం లేదు. దయచేసి ఈసారి జవాబు మనిషితో రాయించండి, కింద ఆ మనిషి పేరు ఉండాలి.

ఇట్లు,
ఒక తల్లి