కాశీ టికెట్టు సరే, ముందురోజు రాత్రి పడక ఎక్కడ?

మామా,

పొద్దున లేవగానే నీ మెసేజ్‌లు చూశా. కాశీ విమానం ఎక్కే ముందురోజు రాత్రి బెంగళూరులో పడుకోవడానికని పదకొండు హోటళ్ళ ఫొటోలు పంపి కింద "వీటిలో ఏది మంచిదో చెప్పప్పా" అని ఒక్క ముక్క రాశావు. ఫోన్‌లో చెబుదామనుకున్నా గానీ నువ్వు సగం విని "సరే సరే" అంటావు, రాత్రికి మళ్ళీ మొదటికొస్తావు, అందుకే ఆదివారం పూట పనులన్నీ మానుకుని కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు. చెల్లెమ్మకి కూడా చూపించు, ఎట్లాగూ చివరికి బుక్ చేసేది తనే.

ఆ పదకొండులో ఆరు మెజెస్టిక్ చుట్టుపక్కలవి. వాటిని ఇప్పుడే తీసి పారెయ్. బెంగళూరంటే మనకు మెజెస్టిక్కే, మన నాయనల కాలం నుంచి బస్సు దిగేది అక్కడే కాబట్టి చెయ్యి దానంతట అదే అటు పోతుంది. కానీ ఎయిర్‌పోర్టు ఊళ్ళో లేదు మామా. 2008లో దాన్ని దేవనహళ్ళి పక్కన కట్టారు, మెజెస్టిక్ నుంచి దాదాపు 35 కిలోమీటర్లు, అదీ మన వైపుకి. 44వ నంబరు హైవేలో నువ్వు కర్నూలు నుంచి దిగొస్తుంటే డోన్, గుత్తి, మా అనంతపురం, పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి, దాని వెంటే ఎయిర్‌పోర్టు, ఆ తర్వాతే బెంగళూరు. మాకైతే ఇక్కడి నుంచి 180 కిలోమీటర్లు ఉంటుందేమో అంతే. అంటే నువ్వు ఎయిర్‌పోర్టు గేటు దాటుకుని ముందుకు పోయి, హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మెజెస్టిక్‌లో దిగి పడుకుని, అర్ధరాత్రి లేచి వచ్చిన దారినే వెనక్కి రావాలి. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. నేను మొదటిసారి విమానం ఎక్కినప్పుడు అచ్చం ఇదే చేశా. రాత్రి టాక్సీకి ఇచ్చిన డబ్బు గది బాడుగ కంటే ఎక్కువైంది, మీ చెల్లెలు ఇప్పటికీ ఎవరైనా ఇంటికొస్తే ఆ కథ చెబుతుంది.

ఇక లెక్క చూడు. నీ విమానం పొద్దున 5.50కి. బ్యాగులు తీసుకునే కౌంటరు గంట ముందు, అంటే 4.50కే మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా లాభం లేదు. నీతో అమ్మ, నాయన, పిల్లలిద్దరు, నాయనకి వీల్‌చెయిర్ అడగాలి, గేటు దగ్గర అందరి ఆధార్ కార్డులు తీసి చూపించాలి, పైగా ఆ టైముకి పది విమానాల జనం ఒక్కసారే వచ్చి పడతారు. కాబట్టి 3.45కల్లా మీరు టెర్మినల్ ముందు ఉండాలి. హోటల్ నుంచి 3.15కి కదలాలి. రెండున్నరకి లేవాలి. గదిలో మీరు పడుకునేది నాలుగు గంటలు, మహా అయితే ఐదు. ఫొటోలో ఆ ఈతకొలను చూసి మురిసిపోయావే, దాంట్లో కాలు కూడా పెట్టవు. ఉచిత టిఫిన్ అని పెద్దక్షరాలతో రాశారు, అది ఏడున్నరకి మొదలవుతుంది, అప్పటికి నువ్వు కాశీకి దగ్గర పడి ఉంటావు.

ఇంత పొద్దున్నే ఎందుకు పెట్టాడు వీడు అని తిట్టుకోకు. చవక టికెట్ల కంపెనీలు బతికేదే అట్లా. విమానం నేల మీద నిలబడితే వాళ్ళకి దండగ, బాడుగ ఆటోలాగా చీకటితో మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా ట్రిప్పులు కొట్టాల్సిందే, దిగిన అరగంటకల్లా మళ్ళీ జనాన్ని ఎక్కించాల్సిందే. అందుకే మనలాంటివాళ్ళకి తక్కువలో దొరికేవి ఎక్కువగా ఐదు గంటల విమానం, లేకుంటే రాత్రి పదకొండు దాటాక దిగే విమానం. టికెట్టు మీద మిగిలిందనుకున్న డబ్బులో కొంత హోటల్‌కి పోతుంది, అది ముందే ఒప్పుకుంటే మనసు కుదుటపడుతుంది.

అందుకని హోటల్ రాత్రి రెండున్నరకి ఎట్లా ఉంటుందో అడుగు. ఇది నేను అనుభవం మీద చెప్తున్నా. పోయినేడాది తమ్ముడి ఇంటి గృహప్రవేశానికి పుణె పోయేటప్పుడు హైవే పక్కనే ఒక చోట దిగాం, పేరెందుకులే. సాయంత్రం రిసెప్షన్‌లో కుర్రాడు ఎంత మర్యాద! "సార్, ట్వంటీఫోర్ అవర్స్, ఎప్పుడంటే అప్పుడు" అన్నాడు. రాత్రి మూడింటికి బ్యాగులు మోసుకుని కిందికి దిగితే రిసెప్షన్‌లో దీపం లేదు, గ్రిల్ గేటుకి తాళం, బల్ల మీద దుప్పటి ముసుగేసుకుని వాచ్‌మన్. లేపితే లేస్తాడు గానీ తాళంచెవి ఆయన దగ్గర లేదంట, అది మేనేజర్ దగ్గర, మేనేజర్ మూడో అంతస్తులో. ఏ గదో ఆయనకూ గుర్తు లేదు. మీ చెల్లెలు ఒక్కో తలుపూ తట్టుకుంటూ పోతుంటే ఎవరెవరో లేచి కన్నడంలో తిట్టారు, మనకి అర్థం కాకపోతే బాగుండేది గానీ అనంతపురంవాళ్ళం కదా, అన్నీ అర్థమయ్యాయి. గేటు దాటేసరికి ఇరవై ఐదు నిమిషాలు. విమానం దొరికింది అనుకో, కానీ ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

కాబట్టి నువ్వు చేయాల్సిన పని, బుక్ చేసే ముందు ఒకరోజు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని ఆ హోటల్‌కి ఫోన్ చెయ్యి. నవ్వకు. ఎత్తారంటే అక్కడ మనిషి మేలుకుని ఉన్నాడు. ఎత్తలేదంటే నీకు తెలిసిపోయింది. ఎత్తినవాణ్ణి మూడు విషయాలు అడుగు: రెండున్నరకి గీజర్‌లో వేడినీళ్ళు వస్తాయా, లిఫ్టు నడుస్తుందా, ఎయిర్‌పోర్టుకి బండి మీదేనా. చాలా చోట్ల వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే. కార్తీకమాసంలో ఆ చలికి అమ్మ చన్నీళ్ళు పోసుకుని కాశీ బయల్దేరితే గంగ దాకా ఎందుకు, అక్కడే పుణ్యం వచ్చేస్తుంది. లిఫ్టు సంగతి ఫొటోల్లో కనపడదు. నాయన మోకాళ్ళకి కింద గదే అడుగు, కమోడ్ ఉన్న బాత్రూమో కాదో కూడా అడుగు.

బండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. "ఎయిర్‌పోర్టుకి ఉచిత వాహనం" అని రాసినచోట చాలాసార్లు అది పొద్దున ఆరు తర్వాతే, లేకుంటే ఒకే కారు ఉంటుంది, అది మీ కంటే ముందు ఇంకొకరిని తీసుకుని పోయి ఉంటుంది. మీరు ఐదారుగురు, బ్యాగులతో చిన్న కారులో పట్టరు. ఫోన్‌లో యాప్ తీసి కారు పిలుద్దాం అనుకుంటావేమో, ఆ టైములో ఇంత దగ్గరి బాడుగకి ఎవడొస్తాడు, ఒప్పుకున్నట్టే ఒప్పుకుని రద్దు చేస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఇంకా ఘోరం, ఎయిర్‌పోర్టులో గంటలకొద్దీ వరుసలో నిలబడిన టాక్సీవాడికి "దేవనహళ్ళి" అంటే మొహం ముడుచుకుంటుంది, అతని తప్పు కూడా కాదు. అందుకే హోటల్ బండే మాట్లాడుకుని, ఎంత పెద్ద బండి, ఎన్ని గంటలకి, ఎంత డబ్బు అనేది మెసేజ్‌లో రాయించుకో. ఇంకోటి, ఆ బండివాడికి టెర్మినల్ ఒకటా రెండా అని ముందే చెప్పాలి. 2022 నవంబరులో రెండో టెర్మినల్ ప్రారంభించారు, 2023 నుంచి విమానాలు అక్కడి నుంచి కూడా పోతున్నాయి, అవి రెండు వేర్వేరు కట్టడాలు. టికెట్టు మీద రాసి ఉంటుంది, ముందురోజు ఇంకోసారి చూసుకో.

మిగిలిన ఐదులో రెండు సాదహళ్ళి టోల్‌గేటుకి అవతల, అంటే బెంగళూరు వైపు ఉన్నాయి. మ్యాప్‌లో దగ్గరే అని చూపిస్తుంది, నిజమే. కానీ నువ్వు పోతూ ఎయిర్‌పోర్టు దాటి పోవాలి, పొద్దున వెనక్కి రావాలి, మధ్యలో టోల్. పైగా ఆ హైవే మధ్యలో డివైడర్, పక్కన సర్వీసు రోడ్డు, ఎదురుగా హోటల్ బోర్డు కనిపిస్తూనే ఉంటుంది, యూటర్న్ ఎక్కడో ఉంటుంది. మన వైపు నుంచి వచ్చేవాళ్ళకి దేవనహళ్ళే సులువు. ఇంకో లాభం కూడా ఉంది. అక్కడి రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉంటాయి, విమానాలు ఆ గీత మీదే దిగుతాయి లేస్తాయి. దేవనహళ్ళి ఉత్తరాన ఉంది కాబట్టి నెత్తి మీద మోత తక్కువ. హైవే లారీల హారన్లు మాత్రం ఎక్కడికి పోయినా తప్పవు, గది వెనక వైపు ఇమ్మని అడుగు.

నీది శనివారం రాత్రి కదా, అక్కడొక చిక్కుంది. ఆదివారం సూర్యోదయం చూడ్డానికి నంది కొండకి పోయే కుర్రకారు శనివారం రాత్రే వచ్చి దిగుతారు. ధరలు పెరుగుతాయి, నంది వైపున్న రిసార్టుల్లో పాటలూ గోలా. వాటి జోలికి పోకు, ఊళ్ళో మామూలు హోటల్ చూసుకో. (బేసి సంవత్సరాల్లో ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా అనే విమానాల ప్రదర్శన జరుగుతుంది, అప్పుడైతే గది దొరకడమే కష్టం. నీకు అవసరం లేదు గానీ గుర్తుంచుకో.) ఎయిర్‌పోర్టు ఆవరణలోనే తాజ్ హోటల్ కూడా ఉంది. నడిచిపోవచ్చు, నిజమే, ఆ బాడుగ చూసి నేను ఫోన్ మూసేశా.

డబ్బు విషయంలో ఒకటే చెబుతా. యాప్‌లో మొదట కనిపించే ధర చూసి సంబరపడొద్దు, పన్నులూ ఆ ఫీజూ ఈ ఫీజూ కలిపాక చివరి పేజీలో కనిపించేదే ధర. 7500 రూపాయల లోపు గదులకి జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే, పాత లెక్క వేస్తే అడుగు. ఇద్దరి గదిలో నలుగురు అంటే అదనపు పరుపుకి తీసుకుంటారు. పిల్లల వయసు బుకింగ్‌లో సరిగ్గా రాయి, అక్కడికి పోయాక వాదులాట ఎందుకు.

తేదీ! ఇది మర్చిపోయేవాణ్ణి. మా బామ్మర్ది చేసిన ఘనకార్యం. విమానం ఏ తేదీనో హోటల్ కూడా అదే తేదీకి బుక్ చేశాడు. పొద్దున ఐదు గంటల విమానానికి ముందురోజు రాత్రి పడుకోవాలి కదా, రాత్రి తొమ్మిదికి పోయి నిలబడితే "సార్, మీ బుకింగ్ రేపు మధ్యాహ్నం నుంచి" అన్నారు. డబ్బు వెనక్కి రాలేదు, పక్క హోటల్‌లో రెండింతలు కట్టాడు. నీ విమానం ఆదివారం, హోటల్ శనివారం. చెల్లెమ్మకి రెండుసార్లు చెప్పు.

ఇక కారు. తొమ్మిది రోజులు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో పెడితే ఆ బిల్లుతో ఇంకొకరు కాశీ పోయిరావచ్చు. కొన్ని హోటళ్ళలో ఒక రాత్రి దిగితే తిరిగొచ్చేదాకా కారు లోపల పెట్టుకోనిస్తారు, రోజుకి కొంత తీసుకుంటారు. గేటు లోపలా, రోడ్డు మీదా, తాళంచెవి అడుగుతారా, ఇది తేల్చుకో. తాళంచెవి ఇవ్వమంటే నేనైతే ఇవ్వను. ఇవేవీ కుదరకపోతే కారు మా ఇంటి ముందు వదిలేసి ఇక్కడి నుంచి బాడుగ బండిలో పోండి.

ఒక్కడివే అయ్యుంటే నేను ఈ ఉత్తరమే రాసేవాణ్ణి కాదు. బస్సెక్కి రాత్రి పదకొండుకి ఎయిర్‌పోర్టుకి పోయి కుర్చీలో కూర్చో అనేవాణ్ణి, నేను రెండుసార్లు అట్లాగే చేశా, నడుం పట్టేసింది అంతే. తొమ్మిది గంటల తర్వాత విమానమైతే మాకు హోటలే అక్కర్లేదు, తెల్లవారుజామున బయల్దేరితే చాలు. నీకు అమ్మానాయన ఉన్నారు కాబట్టి గది కావాల్సిందే. కానీ మామా, వెళ్ళే రాత్రి కంటే వచ్చే రాత్రికి గది ఇంకా ముఖ్యం. మీ విమానం దిగేది రాత్రి 11.20కి, బ్యాగులు వచ్చి బయటపడేసరికి పన్నెండున్నర. తొమ్మిది రోజుల ఆ అలసటతో నువ్వే కారు తోలుకుని తెల్లారేలోపు కర్నూలు చేరతానంటే నేను ఒప్పుకోను. నీ మెసేజ్‌లో వచ్చే రాత్రి ఊసే లేదు. ఒకే హోటల్‌లో రెండు రాత్రులూ అడుగు, కారు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి ధర తగ్గించమని గట్టిగా అడగొచ్చు.

ఇంక మిగిలిన మూడులో నువ్వు పంపిన ఆ నాలుగో ఫొటో, పచ్చ రంగు గోడలది, దేవనహళ్ళి బస్టాండు దగ్గరున్నది, నాకు అదే నచ్చింది. ఫొటోలు అంత బాగా లేవు, అందుకే నచ్చింది కూడా. ఎదురుగా రాత్రి పొద్దుపోయేదాకా టిఫిన్ దొరుకుతుంది. సాయంత్రం నాలుగుకల్లా చేరితే నాయనకి కోట చూపించు, టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు అది, ఆయనకి చరిత్ర అంటే ప్రాణం కదా. దొరికితే అక్కడి చకోత పండు కొను, పిల్లలకి కొత్తగా ఉంటుంది.

శనివారం పొద్దున ఏడుకే కర్నూలు వదలండి. పదికల్లా మా ఇంట్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. రాత్రికి చిత్రాన్నం, పెరుగన్నం మీ చెల్లెలు సద్ది కట్టిస్తానంది, రెండున్నరకి తాగడానికి ఫ్లాస్కు కూడా మాదే ఇస్తా, మీది కారుతుందని చెల్లెమ్మ పోయినసారి చెప్పింది. ముందు ఈ రాత్రి రెండింటికి ఆ పచ్చగోడల హోటల్‌కి ఫోన్ కొట్టు. ఎత్తారో లేదో పొద్దున్నే చెప్పు, నాకు అర్ధరాత్రి చెయ్యొద్దు.

ఉంటా,
నీ అనంతపురం మామ